రేడియో, టీవీ వాళ్లు ఆన్‌లైన్ సర్వీసులు బంద్ చేస్తే: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హన్మకొండల చిన్న నెట్ సెంటర్ నడుపుతున్న. పెన్షన్ కాయితాలకో కరెంట్ బిల్లుకో వచ్చిన పెద్దమనుషులు పని అయినంక ఫోన్ చేతిల పెట్టి "బిడ్డా, దీంట్ల రేడియో వస్తలేదు జర చూడు" అంటరు. అట్ల మొదలైన ముచ్చట ఎందుకు బంద్ చేస్తరు, ఎవల పైసలు, ఎవలని అడగాలె అనేదాంక పోతది. నోటితోటి చెప్పిందే చెప్తున్న కాబట్టి ఈసారి అన్నీ ఒక్కకాడ రాసి పెట్టిన. మీకు ఏది కావాలెనో అదే చదువుకోండి, వరుసగా చదవాల్సిన పని లేదు.

## ఆగిపోయినట్టు అనిపించినప్పుడు

ఫోన్ల రేడియో వస్తలేదు, వరంగల్ స్టేషన్ మూసేసిండ్రా?

ముందు కంగారు పడకండి. గాలిల వచ్చే తొవ్వ వేరు, నెట్‌ల వచ్చే తొవ్వ వేరు. ఆకాశవాణి వరంగల్ 103.5 ఎఫ్‌ఎం మీద వస్తది, నిజామాబాద్ 103.2, ఆదిలాబాద్ 100.2. ఇంట్ల చిన్న రేడియో ఉన్నా, కారుల ఉన్నా ఆ నంబర్ పెట్టి చూడండి, మాట వినిపిస్తే స్టేషన్ నడుస్తున్నట్టే, నెట్‌ల పంపే స్ట్రీమ్ ఒక్కటే ఆగినట్టు. కొన్ని ఫోన్లల్ల ఎఫ్‌ఎం రేడియో లోపలనే ఉంటది, దానికి డేటా అక్కర లేదు, వైరున్న ఇయర్‌ఫోన్ పెడితే ఆ వైరే యాంటెనా లెక్క పనిచేస్తది. ఫోన్లల్ల ఈ ఎఫ్‌ఎం సౌకర్యం తీసేయొద్దని 2023 ఏప్రిల్‌ల కేంద్ర ఐటీ శాఖ తయారీ కంపెనీలకు చెప్పింది కూడా. అందుకే కొత్త ఫోన్ కొనేటప్పుడు ఇది ఉన్నదా లేదా అని షాపుల ఒక్క మాట అడగండి.

యాప్‌ల పోయిన నెల దాంక ఉన్నది ఇప్పుడు కనిపిస్తలేదు, తీసేసిండ్రా, ఏడికన్న మార్చిండ్రా?

రెండూ జరుగుతయి, బయట నుంచి చూస్తే రెండూ ఒక్కతీరే కనిపిస్తయి. ఆల్ ఇండియా రేడియో అనే పేరు పక్కకు పెట్టి అంతట ఆకాశవాణి అనే వాడాలని 2023 మేల నిర్ణయం అయింది, కాబట్టి రెండు పేర్లతోటీ వెతకండి. ఆకాశవాణి స్టేషన్లు న్యూస్ ఆన్ ఎయిర్ అనే యాప్‌ల ఉంటయి. ఆకాశవాణి, దూరదర్శన్ రెండిటినీ నడిపే ప్రసార భారతి 2024 నవంబర్ 20న గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌ల వేవ్స్ అనే ఇంకో యాప్ మొదలుపెట్టింది, దాంట్ల లైవ్ టీవీ, రేడియో ఉంటయి, తెలుగు కూడా ఉన్నది. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించి, రెండు మూడు రోజులు వేరే వేరే టైమ్‌ల చూసి, అప్పటికీ రాకుంటే ఆగిందనే అనుకోవచ్చు. తెర మీద ఏం రాసి వస్తున్నదో స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేటట్టు దాచిపెట్టుకోండి, రేపు అడగడానికి పోయినప్పుడు అదే సాక్ష్యం.

ఇంటి మీద యాంటెనా ఉన్నది గాని దూరదర్శన్ వస్తలేదు, అది కూడా ఇట్లనేనా?

అది వేరే ముచ్చట. పాత అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లని దశలవారీగా తీసేస్తున్నమని, 2022 మార్చి 31 వరకు కొన్ని కీలకమైన చోట్ల తప్ప అన్నీ ఆపేస్తమని ప్రసార భారతి 2021ల చెప్పింది. కాబట్టి ఆ యాంటెనా ఎంత తిప్పినా బొమ్మ రాదు. దాని బదులు డీడీ ఫ్రీ డిష్ ఉన్నది, గిన్నె, బాక్స్ ఒక్కసారి కొనాలె, నెల నెల బిల్లు ఉండదు, డీడీ యాదగిరి దాంట్ల వస్తది.

మా ఆయన దుబాయ్‌ల ఉంటడు, ఫోన్లనే మన రేడియో వింటడు, అది పోతే ఆయన ఎట్ల వినాలె?

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి ఈ ప్రశ్న ఎక్కువ వస్తది, నాకు మనసుకు పట్టే ప్రశ్న కూడా ఇదే. వరంగల్ల ఉన్నోనికి స్ట్రీమ్ పోతే ఎఫ్‌ఎం ఉన్నది. ఎడారిల పనికి పోయినోనికి ఆ స్ట్రీమే రేడియో, అది పోతే ఇంకో తొవ్వ లేదు. ఖర్చు తగ్గించుకునే సంస్థలకు ముందుగాల కంటికి ఆనేది కూడా దేశం బయట ఉన్న శ్రోతలే. బీబీసీ 2025 జులైల తన సౌండ్స్ యాప్‌ని బ్రిటన్ బయట ఉన్నోళ్లకు బంద్ చేసింది. అక్కడ బీబీసీకి లైసెన్స్ ఫీజు కట్టేది ఆ దేశంల ఉన్నోళ్లు, వాళ్ల పైసలతోటి బయటోళ్లకు ఎందుకు అనే వాదన ఒకటి ఉన్నది. మనకాడ ఆ వాదన పెద్దగా నిలవదు, ఎందుకంటే గల్ఫ్‌ల ఉన్నోని ఇల్లు, పెండ్లాం పిల్లలు, వాళ్లు కొనే ప్రతి వస్తువు మీద కట్టే పన్ను అన్నీ ఇక్కడనే ఉన్నయి. ఫిర్యాదు రాసేటప్పుడు "మా ఇంటి మనిషి విదేశంల ఉన్నడు, వేరే దారి లేదు" అనే మాట తప్పకుండ రాయండి.

## ఎందుకు ఆపుతరు

పైసలు లేకనే ఆపుతరా?

ఎక్కువసార్లు పైసలే. ట్రాన్స్‌మిటర్‌కు పది మంది విన్నా లక్ష మంది విన్నా కరెంట్ ఖర్చు ఒక్కటే, గాని నెట్ స్ట్రీమ్‌కు వినేటోళ్లు పెరిగినా కొద్ది సర్వర్, బ్యాండ్‌విడ్త్ ఖర్చు పెరుగుతది. దాని మీద యాప్‌ని ప్రతి కొత్త ఫోన్‌కు సరిచేసే మనుషులు కావాలె, పాటల హక్కులకు కట్టాలె. బ్రిటన్ల 2010ల లైసెన్స్ ఫీజుని 145.50 పౌండ్ల కాడ ఆరేండ్లు పెంచకుండ ఆపేసినంక, 2011 జనవరిల బీబీసీ తన ఆన్‌లైన్ బడ్జెట్‌ని 25 శాతం తగ్గిస్తమని, దాదాపు 200 వెబ్‌సైట్లు మూసేస్తమని, 360 దాంక ఉద్యోగాలు పోతయని ప్రకటించింది. అమెరికాల 2025 జులైల పార్లమెంట్ పబ్లిక్ రేడియో, టీవీలకు ఇచ్చే దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కు తీసుకుంటే, 1967 నుంచి ఆ నిధులు పంచే సంస్థ మూసుకునే పని మొదలుపెట్టింది. కోత పైన ఎక్కడనో పడుతది, కిందికొచ్చేసరికి ఒక ఊరోని ప్రోగ్రాం పోతది.

ప్రైవేటు వాళ్ల ఒత్తిడి కూడా ఉంటదా?

ఉంటది, దీని మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు గాని ఇది పెద్ద కారణమే. జర్మనీల పేపర్ల ఓనర్లు "జనం పైసలతోటి నడిచే సంస్థ ఫ్రీగా వార్తలు పెడితే మా పేపర్లు ఎవలు కొంటరు" అని గట్టిగ నిలబడిండ్రు. దాంతోటి 2009ల ఒక ఒప్పందం వచ్చింది, చాలా ప్రోగ్రాములు ప్రసారమైన ఏడు రోజులకే నెట్‌ల నుంచి తీసేయాలని దాంట్ల ఉండె, 2010ల వెబ్‌సైట్ల నుంచి కుప్పలకొద్ది పేజీలు తుడిచేసిండ్రు. అంటే జనం పైసలు పెట్టి చేయించిందాన్ని, జనం చూస్తుంటే, జనానికే దక్కకుండ చేసుడు. ఆ ఏడు రోజుల రూలుని 2019ల తీసేసిండ్రు, గాని పదేండ్లు పోయినయి గదా.

"ఎవరూ వింటలేరు, అందుకే ఆపినం" అంటే ఏమనాలె?

ఈ మాటకు జవాబు జర పెద్దగనే ఉంటది, ఎందుకంటే నేను కండ్లార చూసిన ముచ్చట ఒకటున్నది.

పరకాల దిక్కు ఊరి నుంచి ఒక తాత వస్తుంటడు. ఫోన్‌ని పాల ప్యాకెట్ కవర్ల చుట్టి రబ్బర్‌బ్యాండ్ వేసుకొని జేబుల పెట్టుకుంటడు. ఆయన పెండ్లాం బతుకమ్మ పాటలు మస్తు పాడేదట, ఒకసారి రికార్డ్ చేసిండ్రు, ఆ ప్రోగ్రాం ఒక ప్రసార సంస్థ వెబ్‌సైట్‌ల ఉండె. ఆమె చచ్చిపోయినంక మనుమడు ఆ లింక్‌ని ఫోన్ తెర మీద పెట్టి ఇచ్చిండు, తాతకు చదువు రాదు, ఆ పసుపుపచ్చ బొమ్మ నొక్కితే ఆమె పాడుతదని తెలుసు, అంతే. ఒకనాడు వచ్చి "నొక్కితే పాడుతలేదు బిడ్డా" అన్నడు. తీసి చూస్తే పేజీ దొరకలేదు అని వస్తున్నది. నేను ఇంకో దిక్కు నుంచి వెతికిన, వెబ్‌సైట్ మారింది, పాత ఆడియోలు కొత్తదాంట్లకు రాలే. తాత కౌంటర్ మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలబడ్డడు, ఫోన్‌దే తప్పేమో అనుకొని "కొత్త ఫోన్ కొంటే వస్తదా" అని అడిగిండు.

ఆ సంస్థ లెక్కల ఆ పేజీకి నెలకు వచ్చిన క్లిక్కులు ముప్పయో నలభయో ఉంటయి, అన్నీ ఒక్క తాతయే. లెక్క ప్రకారం అది ఎవలికీ అక్కర లేని పేజీ. అందుకే ఎంతమంది విన్నరు అనేది ఒక్కటే చూడొద్దు, అది పోతే ఇంకోకాడ దొరుకుతదా అనేది కూడా చూడాలె అంటున్న. సినిమా పాట పోతే వందకాడ దొరుకుతది. కోయ భాష ముచ్చట్లో, ఊర్ల ముసలామె పాటో పోతే ఎక్కడ్నించి తెస్తరు? పబ్లిక్ పైసలతోటి ఒక సంస్థ పెట్టుకున్నదే ప్రైవేటోడు లాభం లేదని చేయనివి చేసేటందుకు.

## వాళ్ల బాధ్యత, మన హక్కు

మనం రేడియోకు ఫీజు కడతలేము గదా, అడిగే హక్కు ఏడుంది?

వెనకట రేడియోకు లైసెన్స్ ఉండె, పోస్టాఫీసుల కట్టి పుస్తకంల స్టాంపు వేయించుకునేది, మీ ఇంట్ల పెద్దోళ్లని అడిగితే చెప్తరు. 1980లల్ల అది తీసేసిండ్రు. ఇప్పుడు ప్రసార భారతికి కేంద్ర బడ్జెట్ నుంచి నిధులు పోతయి, ప్రకటనల మీద కొంత వస్తది. 2023 జనవరిల ట్రాన్స్‌మిటర్లు, పరికరాలు బాగుచేసుకునేటందుకు కేంద్ర కేబినెట్ 2,539.61 కోట్లతోటి ఒక స్కీమ్ ఒప్పుకున్నది. ఆ పైసలు సబ్బు మీద, చెప్పుల మీద, ఫోన్ రీచార్జ్ మీద మనం కట్టే పన్నులే. బ్రిటన్ల ఇంటికి ఏడాదికి ఇంత అని (2025ల అది 174.50 పౌండ్లు ఉండె) రసీదు వస్తది కాబట్టి వాళ్లకు "నా పైసలు" అని తెలుస్తది, మనకు రసీదు రాదు, అంతే తేడా.

చట్టంల నిజంగ ఏమున్నది? వెబ్‌సైట్ నడపాలని రాసి ఉన్నదా?

లేదు. వెబ్‌సైట్ నడపాలె, యాప్ నడపాలె అని ఎక్కడా రాసి లేదు. ప్రసార భారతి చట్టం 1990ది, అమల్లకు వచ్చింది 1997ల, మనదేశంల మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టుల. గాని ఆ చట్టం 12వ సెక్షన్ ఒక్కసారి చదవండి. జనానికి సమాచారం, చదువు, వినోదం ఇచ్చుడు ఆ సంస్థ మొదటి బాధ్యత అని ఉన్నది. విషయాలని స్వేచ్ఛగా, నిజంగ, ఏ పక్కకు ఒరగకుండ తెలుసుకునే పౌరుని హక్కుని కాపాడాలని, వ్యవసాయం, ఆరోగ్యం మీద ప్రత్యేకంగ చూడాలని, ఒక్కో ప్రాంతం భాషకు, సంస్కృతికి చోటియ్యాలని, పల్లెలోళ్లకు, మారుమూల ఉన్నోళ్లకు, గిరిజనులకు, కండ్లు లేనోళ్లకు, ముసలోళ్లకు పనికొచ్చేటట్టు నడపాలని ఉన్నది. అన్నిటికన్న మనకు పనికొచ్చేది ఇంకోటున్నది, తగిన టెక్నాలజీని ఎంచుకొని ప్రసారం అందరికీ అందేటట్టు చూడాలె అని. ఇవాళ ఇరవై ఏండ్ల పిల్లకు తగిన టెక్నాలజీ ఏది అంటే ఫోనే గదా. కాబట్టి "చట్టంల లేదు" అని వాళ్లు అంటే, ఆ మాట చూపించి అడగొచ్చు. కోర్టుల అదే గెలుస్తది అని నేను చెప్తలేను, అడిగేటందుకు గట్టి ఆధారం అని చెప్తున్న.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంటరు, అది నెట్‌కు కూడా వర్తిస్తదా?

1995 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు బెంగాల్ క్రికెట్ సంఘం కేసుల గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. అవి లెక్కకు ఇన్నే ఉంటయి కాబట్టి ఆ మాట, నెట్‌కు అట్ల హద్దు లేదు, నేరుగా అతికియ్యలేము. గాని ఆ తీర్పు వెనకాల ఉన్న ఆలోచన, జనానికి రకరకాల అభిప్రాయాలు తెలుసుకునే హక్కు ఉన్నదనేది, తొవ్వ మారినంత మాత్రాన పోదు.

ఆపక తప్పదు అనుకుందాం, ఆపే ముందు వాళ్లు ఏం చేయాలె?

నా మట్టుకు నాకు కోత పెట్టుడే తప్పు కాదు. యాప్ ఒకటి పాతబడుతది, దాన్ని మోసుకుంట కూసుంటే కొత్త పని కాదు. తప్పు ఎక్కడంటే చెప్పకుండ ఆపుడు. కనీసం మూడు నెలలు ముందుగాల చెప్పాలె, అదీ ఇంగ్లిష్ ప్రెస్‌నోట్‌ల కాదు, ఆ రేడియోలనే, ఆ భాషలనే, పొద్దున వార్తల ముందు చెప్పాలె. దీని బదులు ఎక్కడ వినాలెనో చెప్పాలె. పాత ఆడియోలని చెరపకుండ ఆర్కైవ్‌కు గాని యూనివర్సిటీకి గాని అప్పజెప్పాలె, పాత లింక్ నొక్కితే కొత్త చోటికి పోయేటట్టు పెట్టాలె, ఇది కంప్యూటర్ తెలిసినోనికి పెద్ద పని కాదు.

చెప్పకుండ ఆపితే ఏమైతదో గ్రీస్‌ల చూసిండ్రు. 2013 జూన్ 11న ఆ దేశ ప్రభుత్వం తన ప్రసార సంస్థ ఈఆర్‌టీని మూసేస్తున్నమని ప్రకటించింది, అదే రాత్రి టీవీల బొమ్మ పోయింది. జనం రోడ్ల మీదికి వచ్చిండ్రు, కొలువులు పోయినోళ్లు ఆఫీసులనే ఉండి నెట్‌ల ప్రసారం నడిపిండ్రు. సరిగ్గ రెండేండ్లకు, 2015 జూన్ 11న, ఈఆర్‌టీ మళ్లీ తెర మీదికి వచ్చింది.

వరదలొచ్చినప్పుడు నెట్ ఎట్లాగూ ఉండదు గదా, ఆన్‌లైన్ తీసేసి రేడియో ఒక్కటి ఉంచితే సరిపోదా?

ఈ ప్రశ్నల న్యాయం ఉన్నది. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, ఆ జులై 27నే భూపాలపల్లి దిక్కు మోరంచపల్లిని వాగు ముంచింది, జనం మిద్దెల మీదికి ఎక్కిండ్రు. అసొంటి పూట కరెంట్ పోతే టవర్లు పోతయి, ఫోన్ చార్జింగ్ పోతది, రెండు సెల్లుల రేడియో మాత్రం మాట్లాడుతది. కాబట్టి రెండిట్ల ఒక్కటే ఉంచాలె అనే గడ్డుకాలం వస్తే ట్రాన్స్‌మిటర్‌నే ఉంచాలె అంటున్న. గాని వరద కబుర్లు చెప్పేది రేడియో అయితే, పోయిన ఏడాది వరి తెగులు మీద సైంటిస్టు చెప్పిన మాట ఇవాళ మళ్లీ వినాలంటే నెట్ కావాలె. ఒకటి అప్పటి పూటకు, ఇంకోటి దాచుకునేటందుకు, ఒకదాని పని ఇంకోటి చేయలేదు.

## అడిగేటప్పుడు

ఎవలకు రాయాలె? స్టేషన్‌కు పోయి అడిగితే మా చేతిల లేదు అంటరు.

నిజంగనే వాళ్ల చేతిల ఉండకపోవచ్చు, యాప్‌లు, సర్వర్ల నిర్ణయాలు ఢిల్లీ నుంచి అయితయి, స్టేషన్ల ఉన్నోళ్ల మీద కోపం చేసి లాభం లేదు. అయినా ఒక కాయితం ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత కేంద్ర ప్రభుత్వం సీపీగ్రామ్స్ పోర్టల్‌ల సమాచార ప్రసార శాఖని ఎంచుకొని ఫిర్యాదు పెట్టండి. 2024ల వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల్ల పరిష్కరించాలె. మీ ఎంపీకి కూడా రాయండి, పార్లమెంట్‌ల ప్రశ్న వేస్తే మంత్రి రాతపూర్వకంగ జవాబు చెప్పాల్సి ఉంటది, ఆ జవాబు రికార్డుల ఉండిపోతది.

ఆర్‌టీఐల, అంటే సమాచార హక్కు చట్టం కింద, ఏం అడగాలె? అర్జీ తెలుగుల రాయొచ్చా?

రాయొచ్చు, ఆ ప్రాంతం అధికార భాషల అర్జీ పెట్టొచ్చని 2005 చట్టంలనే ఉన్నది. 10 రూపాయల ఫీజు, పోస్టల్ ఆర్డర్ జతచేసి పంపొచ్చు, దారిద్య్ర రేఖకు కింద ఉన్న పేదోళ్లకు ఫీజు లేదు. 30 రోజుల్ల జవాబు రావాలె, రాకుంటే ఇంకో 30 రోజుల్ల మొదటి అప్పీల్ వేయాలె. చాలామంది "ఎందుకు ఆపిండ్రు" అని రాస్తరు, దానికి "సమాచారం లేదు" అని ఒక్క ముక్కల జవాబు వస్తది. ఎందుకు అని కాదు, కాయితాలు అడగండి. ఫలానా స్ట్రీమ్ ఆపుమని ఇచ్చిన ఆర్డర్ కాపీ ఇయ్యుండ్రి, దాని మీద ఆఫీసర్లు ఫైల్‌ల రాసుకున్న మాటలు (ఫైల్ నోటింగ్స్) ఇయ్యుండ్రి, ఆపే ముందు ఏడాదికి దాని మీద అయిన ఖర్చు ఎంత, దాంట్ల ఉన్న పాత ఆడియోలు ఎన్ని, ఇప్పుడు ఎక్కడ పెట్టిండ్రు అని ఇట్ల.

ఇంతా రాసినంక నిజంగ ఏమన్న మారుతదా?

మారిన సందర్భాలున్నయి. 2010 మార్చిల బీబీసీ తన 6 మ్యూజిక్ అనే డిజిటల్ రేడియోని మూసేస్తమన్నది. శ్రోతలు వేలకొద్ది ఉత్తరాలు రాసిండ్రు, అప్పటిదాంక దాని పేరే విననోళ్లు కూడా వినుడు మొదలుపెట్టిండ్రు, జులైల, అప్పట్ల బీబీసీ మీద అజమాయిషీ చేసే బీబీసీ ట్రస్ట్ ఆ మూసివేతకు ఒప్పుకోలే. ఆ స్టేషన్ ఇప్పటికీ నడుస్తున్నది. 2016ల వంటల వెబ్‌సైట్ మూసేస్తమంటే రెండు రోజుల్లనే లక్షకు పైన సంతకాలు వచ్చినయి, 11 వేల వంటకాలని పోకుండ చూస్తమని చెప్పాల్సి వచ్చింది. ఆపక ముందు అడిగితేనే పని అయితది, ఆపినంక అడిగితే కష్టం. అందుకే వార్త వినంగనే రాయాలె.

## దాచుకునేటందుకు

రేడియోల వచ్చేది ఫోన్ల రికార్డ్ చేసుకుంటే కేసు అయితదా?

మీ ఇంట్ల మీరు వినేటందుకు, లేదా చదువు, రీసెర్చ్ కోసం అయితే కాదు, కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ దానికి వీలిస్తది. దాన్నే యూట్యూబ్‌ల పెట్టుడు, అమ్ముకునుడు వేరే లెక్క, అక్కడ హక్కులు అడ్డమొస్తయి. 1960, 70లల్ల బీబీసీ చాలా టేపులని చెరిపి మళ్లీ వాడుకున్నది, తర్వాత వాటి కోసం వెతికితే కొన్నిటి ఆడియో దొరికింది ఇంట్ల టీవీ ముందర టేప్‌రికార్డర్ పెట్టుకున్న మామూలు జనం దగ్గరనే.

పాత లింక్ చచ్చిపోయింది, ఇంకేడన్న దొరుకుతదా?

ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌ల ఆ పాత అడ్రస్ పెట్టి చూడండి, ఏ తేదీన దాచిండ్రో క్యాలెండర్ లెక్క చూపిస్తది. రాత పేజీలు బాగనే దొరుకుతయి, ఆడియో, వీడియో చాలాసార్లు దొరకవు, పరకాల తాత పెండ్లాం పాట కూడా అక్కడ దొరకలే. ఇప్పుడు బతికున్న పేజీలు మీకు ముఖ్యమైనవి ఉంటే వాటి అడ్రస్‌లు అదే సైట్‌ల పెట్టి మీరే దాపియ్యొచ్చు, పైసలు లేవు, రెండు నిమిషాల పని.

మా ఇంట్ల రేడియో నుంచి పట్టిన పాత క్యాసెట్లు ఉన్నయి, ఏం చేయాలె?

పారేయకండి. ముందుగాల రీల్ మీద తెల్లగ బూజు ఉన్నదా చూడండి, ఉంటే టేప్‌రికార్డర్‌ల పెట్టొద్దు, తెలిసినోళ్లకు చూపియ్యండి. బాగుంటే టేప్‌రికార్డర్ హెడ్‌ని స్పిరిట్ అద్దిన దూదితోటి తుడిచి, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు పెట్టి రికార్డ్ చేసుకోండి, ఎంపీ3 కన్న ముందుగాల వేవ్ ఫైల్‌ల ఒక కాపీ ఉంచుకోండి. క్యాసెట్ మీద రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటయి, అవి విరగ్గొడితే ఎవలూ పొరపాటున దాని మీద రికార్డ్ చేయలేరు. ఫైల్‌కు పేరు పెట్టేటప్పుడు పాడినామె పేరు, ఊరు, అందాజుగ ఏ ఏడాది అనేది రాయండి, ఒట్టి "పాట 1" అని పెడితే పదేండ్లకు మీకే తెల్వదు. ఇట్ల చేసుకున్నోళ్లు ఒక కాపీ పెన్‌డ్రైవ్‌ల తెచ్చిస్తే మా సెంటర్ల హార్డ్‌డిస్క్‌ల కూడా పెడుత, దానికి నేను పైసలు తీసుకోను. పరకాల తాత చుట్టాలల్ల ఎవలింట్లనన్న ఆమె పాడిన క్యాసెట్ ఉన్నదేమో అని ఇంకా అడుగుతనే ఉన్నం.